సూరత్‌లో పందెపు కారు బేరం

తపతీ నది అరేబియా సముద్రంలో కలవబోయే ముందు చిట్టచివరగా పలకరించే మహానగరం సూరత్. ఈ ఊరికి వచ్చిన సరుకేదీ వచ్చిన రూపంలో తిరిగిపోదు. ఖండాంతరాల గనులలో పుట్టిన మొరటు రాయి వరాఛా వీధులలోని సానల మీద తిరిగి వజ్రమై వెలుపలికి పోతున్నది. నూలుగా వచ్చినది చీరెగా, వెండి తీగెగా వచ్చినది జరీగా మారుతున్నది. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో పదింట తొమ్మిది ఈ ఊరి చేతుల మీదుగానే వెళతాయని చెబుతారు. ఆ వ్యాపారం కోసమే నిర్మించి 2023 డిసెంబరులో ప్రారంభించిన సూరత్ డైమండ్ బోర్స్ భవన వైశాల్యం దాదాపు 67 లక్షల చదరపు అడుగులు. నగరానికి పడమటి దిక్కున హజీరాలో లార్సెన్ అండ్ టూబ్రో కర్మాగారం దక్షిణ కొరియా పరిజ్ఞానంతో కె-9 వజ్ర అనే స్వయంచాలిత శతఘ్నులను మన సైన్యానికి తయారుచేసి ఇచ్చింది.

విడిభాగాలు చేతికిస్తే వస్తువును చేసి చూపించగల ఊరు ఇది. అయినా ఒక చిన్న కోరిక మాత్రం ఇక్కడ తీరదు. పందెపు కారును పోలిన రెండు సీట్ల బండిని విడిభాగాలుగా తెచ్చి, స్వహస్తాలతో బిగించి, నంబరు వేయించుకొని వీధిలో నడపడం సూరత్‌లో సాధ్యం కాదు. డబ్బు లేక కాదు, పనివాళ్ళు లేక అంతకన్నా కాదు. అడ్డు మరొకచోట ఉన్నది.

అసలు ‘కిట్’ అనే మాటకే ఈ ఊళ్ళో అర్థం వేరు. ఉధనా దరవాజా ప్రాంతంలోని ఏ గ్యారేజీకి వెళ్ళి ‘కిట్ కారు ఉన్నదా?’ అని అడిగినా, మెకానిక్ మారు మాట లేకుండా కారు డిక్కీ తెరిచి గ్యాస్ సిలిండరు చూపిస్తాడు. సి.ఎన్.జి. గ్యాస్ బంకులు విస్తారంగా ఉన్న గుజరాత్‌లో కిట్ అంటే పెట్రోలు బండికి అమర్చే గ్యాస్ పరికరాల సముదాయమే. పందెపు కారు వంటి కిట్ కారు గురించి వివరించి చెబితే, అతడు నవ్వి, ‘అది సినిమాలో బండి’ అంటాడు.

పెట్టెలలో వచ్చిన కారు

ఆ బండి పుట్టినది సినిమాలో కాదు, ఇంగ్లండులో. అక్కడ కిట్ కారు అంటే చట్రం, పైతొడుగు, చక్రాలు, స్టీరింగు, తీగెలు, మరలు మొదలైనవన్నీ పెట్టెలలో సర్ది కొనుగోలుదారు ఇంటికి పంపే కారు. ఇంజనునూ, గేరు పెట్టెనూ తరచు ఏదో ఒక పాత కారు నుంచి తీసి అమర్చుకుంటారు. సెలవు రోజులలో ఇంటి వెనుక షెడ్డులో కూర్చుని, నెలల తరబడి ఒక్కొక్క మర బిగించుకుంటూ పోతే చివరికి కారు తయారవుతుంది.

ఈ జాతి కార్లకు మూలపురుషుని వంటిది లోటస్ సెవెన్. కాలిన్ చాప్‌మన్ అనే ఇంజనీరు స్థాపించిన లోటస్ సంస్థ 1957లో దానిని విడుదల చేసింది. పొడవైన ముక్కు, చక్రాలకు విడివిడి రెక్కలు, తలుపులు లేని పక్కలు, అర టన్ను చుట్టుపక్కల బరువు. బరువు తగ్గితే చిన్న ఇంజనుకు కూడా పెద్ద బలం వస్తుందన్నది చాప్‌మన్ నమ్మిన సూత్రం. ఆ రోజులలో అక్కడ పూర్తిగా తయారైన కారు మీద కొనుగోలు పన్ను ఉండేది. విడిభాగాలుగా కొన్నవారికి ఆ పన్ను లేదు. అయితే బిగించే విధానం తెలిపే పుస్తకాన్ని వెంట ఇస్తే రాయితీ పోతుందట. అందువల్ల కంపెనీవారు కారును ఊడదీసే విధానం తెలిపే పుస్తకాన్ని ఇచ్చేవారనీ, కొన్నవాడు దానిని చివరి పుట నుంచి మొదటి పుటకు చదువుకుంటూ కారు బిగించుకునేవాడనీ మోటారు అభిమానులు నేటికీ చెప్పుకుంటారు. 1973లో బ్రిటన్‌లో కొనుగోలు పన్ను పోయి విలువ ఆధారిత పన్ను వచ్చింది. ఆ రాయితీ అంతరించింది. అదే సంవత్సరం సెవెన్ హక్కులను కేటర్‌హామ్ అనే సంస్థ కొన్నది. పన్ను రాయితీ పోయినా కారు మీద మోజు మాత్రం పోలేదు. ఆ నమూనా నేటికీ తయారవుతూనే ఉన్నది.

పందెపు కారును పోలి ఉండటం వేరు, పందెపు కారు కావడం వేరు. పందెపు కారుకు వైపరు అక్కరలేదు, హారను అక్కరలేదు, వెనుక నుంచి వచ్చేవారిని చూపే అద్దం కూడా కొన్నిటికి ఉండదు. దాని టైర్లు ఎండిన బాట మీద మాత్రమే పట్టు చూపుతాయి. వీధి బండికి ఇవన్నీ కావాలి. ముందు వెనుక దీపాలు, నంబరు పలక, హ్యాండ్‌బ్రేకు, హద్దు మీరని పొగ, హద్దు మీరని శబ్దం ఉండాలి. రూపం పందేనిది, నడత వీధిది అయినప్పుడే అటువంటి బండిని రోడ్డు మీదికి రానిస్తారు.

డ్యూమస్ రోడ్డు మీద సాయంకాలం

సూరత్‌కు కార్ల మీద మోజు ఎక్కువ. ఆదివారం సాయంకాలం పీప్‌లోద్ దాటి సముద్రం వైపు సాగే డ్యూమస్ రోడ్డు పక్కన నిలుచుంటే ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. అరవై వేల రూపాయల స్కూటరు పక్కనే కోటి రూపాయల కారు నిలిచి ఉంటుంది. ఇద్దరూ ఒకే బండి వద్ద ఆలూపూరీ తింటూ ఉంటారు. 2014 దీపావళికి ఇక్కడి వజ్ర వ్యాపార సంస్థ హరికృష్ణ ఎక్స్‌పోర్ట్స్ తన ఉద్యోగులకు 491 కార్లు కానుకగా ఇచ్చినప్పుడు దేశమంతా ఆశ్చర్యపడింది. సూరత్ అంతగా ఆశ్చర్యపడినట్లు లేదు. డ్యూమస్ తీరపు తడి ఇసుకలోకి కారు దింపి, ఆటుపోట్లకు చిక్కి, చివరికి క్రేను కోసం ఎదురుచూసిన యువకుల వార్తలు 2025లో కూడా పత్రికలకెక్కాయి.

వరాఛా వజ్ర పనివారిలో ఎక్కువమంది సౌరాష్ట్ర నుంచి వచ్చినవారు. పందెపు కార్ల కథలు ఆ సీమకు కొత్త కాదు. రాజకోటకు దక్షిణాన ఉన్న గోండల్ సంస్థానపు మహారాజు 1970లలో మద్రాసు సమీపాన షోలవరం విమానపు బాట మీద జరిగే పందేలలో విదేశాల నుంచి తెప్పించిన కార్లు నడిపారు. గోండల్ రాజప్రాసాదపు గ్యారేజీలోని పాత కార్ల వరుసను చూడటానికి నేటికీ యాత్రికులు వెళుతూ ఉంటారు. ఆనాడు రాజుకు మాత్రమే చెల్లిన ముచ్చట ఈనాడు సాన పట్టే కుర్రవాని కంటిలోనూ మెరుస్తున్నది.

లింబాయత్‌లో ఒక బేరం

వరంగల్లులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి, బల్హార్షా, భుసావళ్, నందుర్బార్‌ల మీదుగా ప్రయాణించి సూరత్‌లో దిగే తెలుగువారు వేలమంది. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీ కుటుంబాలు కొన్ని తరాలుగా ఇక్కడి మరమగ్గాలను నమ్ముకొని వచ్చి లింబాయత్, ఉధనా, పర్వత్ పాటియా ప్రాంతాలలో స్థిరపడినాయి. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలలలో తెలుగు మాధ్యమం పాఠశాలలు ఉన్నాయంటే ఆ జనసంఖ్యను ఊహించుకోవచ్చు. లింబాయత్ సందులలో నడిచేటప్పుడు మగ్గాల చప్పుడు మధ్య తెలంగాణపు మాట వినిపిస్తే సూరత్‌లో ఉన్నామా సిరిసిల్లలో ఉన్నామా అని క్షణకాలం సందేహం కలుగుతుంది.

అటువంటి ఒక సందులో నాకు పరిచయమైన అన్నదమ్ములిద్దరు ఉన్నారు. అన్నకు యాభై దాటినాయి. మరమగ్గాన్ని ఇక్కడి మనవారు ‘సాంచ’ అంటారు. ఆయన సాంచల మెకానిక్. ఏ సాంచ ఎందుకు మూలుగుతున్నదో వాకిలి దగ్గర నిలుచుని చెవితో చెప్పగలడు. తమ్ముడు కంప్యూటరు ఎంబ్రాయిడరీ యంత్రాలు బాగుచేస్తాడు. సంపాదన ఫరవాలేదు. మూడేళ్ళుగా కూడబెట్టిన డబ్బుతో ఒక కారు కొనాలని అతని కోరిక. అది మామూలు కారు కాదు. ఎర్రని ఫైబరు పైతొడుగు, నేలను తాకుతున్నట్లున్న ముక్కు, వెనుక పెద్ద రెక్క గల పందెపు కారు. నగరం శివార్లలోని ఒక గ్యారేజీలో అమ్మకానికి ఉన్నది. వెల రెండున్నర లక్షలు. మరునాడు పాతికవేలు బయానా ఇవ్వాలి.

ముగ్గురం కలిసి వెళ్ళి చూశాము. పనితనాన్ని మెచ్చుకోక తప్పదు. ఫైబరును అచ్చులో పోసి, పొరమీద పొర వేసి, నునుపు చేసి, రంగు వేసిన చేతులు సామాన్యమైనవి కావు. కాని ముందు మూత ఎత్తగానే లోపల మనకు చిరకాలంగా తెలిసిన మారుతీ 800 ఇంజను కనిపించింది. ఏ ఇరవై ఏళ్ళ కిందటిదో ఒక పాత మారుతీ కప్పు కోసివేసి, ఇనుప గొట్టాలతో కొత్త అస్థిపంజరం అతికి, దాని మీద ఈ ఎర్రని చర్మం కప్పారు.

‘ఆర్.సి. ఉన్నదా?’ అని అన్న అడిగాడు. ఉన్నదని యజమాని కార్డు చూపించాడు. అందులో వాహనం మారుతీ 800, పైభాగం సెలూన్, రంగు తెలుపు.

‘ఫోన్ల చూస్తే నంబరు మంచిగనే వస్తున్నదన్నా. టాక్స్ కూడ కట్టి ఉన్నది’ అన్నాడు తమ్ముడు.

‘నంబరు వస్తది తమ్మీ. ఆ నంబరు ఏ బండిదో చూడు. కాయితంల తెల్ల బండున్నది, ఈడ ఎర్ర బండున్నది’ అని అన్న నా వైపు తిరిగి, ‘సాంచకు బీము మార్చినా సాంచ అదే సార్. ఫ్రేమే కోసి అతికిస్తే అది ఇంకో సాంచ. దానికి పాత నంబరు ఎట్ల చెల్లుతది?’ అన్నాడు.

చట్టాన్ని చదవని ఆ మెకానిక్ చెప్పిన మాటే మోటారు వాహనాల చట్టంలోనూ ఉన్నది.

కాగితంలోని బండి, కళ్ళ ముందరి బండి

1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ స్థలంలో నడపరాదు. 52వ సెక్షన్ మరొక అడుగు ముందుకు వేస్తుంది. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకూ, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చే విధంగా యజమాని తన వాహనాన్ని మార్చరాదని దాని సారాంశం. ఈ సెక్షన్‌ను ఎంత కచ్చితంగా అర్థం చేసుకోవాలో సర్వోన్నత న్యాయస్థానం 2019 జనవరిలో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో తేల్చి చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణలో శిక్ష కూడా చేర్చారు. అనుమతి లేకుండా భాగాలు అమర్చి వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

మరి పాత కారు జోలికి పోకుండా మొదటి మర నుంచి కొత్తగా తయారు చేసుకుంటే? అప్పుడు 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 126వ నియమం ఎదురవుతుంది. వాహనం తయారు చేసే ప్రతి సంస్థా తన నమూనా బండిని ప్రభుత్వం గుర్తించిన పరీక్షా సంస్థకు సమర్పించి యోగ్యతాపత్రం పొందాలి. పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ., మానేసర్‌లోని ఐకాట్ అటువంటి సంస్థలు. బ్రేకులు, దీపాలు, స్టీరింగు, పొగ మొదలుకొని అనేక పరీక్షలు ఉంటాయి. 2017 అక్టోబరు నుంచి కొత్త నమూనా కార్లకు ఎదురు నుంచీ, పక్క నుంచీ ఢీకొట్టించే పరీక్షలు కూడా చేరాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి భారత్ స్టేజి-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. వేల కార్లు అమ్మే కర్మాగారానికి ఈ వ్యయం ఒక లెక్క కాదు. ఒకే ఒక్క కారు చేసుకోదలచినవాడికి అది కారు వెలకు ఎన్నో రెట్లు. ఢీకొట్టించి పరీక్షించాలంటే ఉన్న ఒక్క కారునూ పగలగొట్టుకోవాలి కదా!

చట్టం నిర్దయగా ఉన్నదని అనిపించవచ్చు. కాని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. ఆ ఎర్రని బండిలో కప్పుకు అతికిన గొట్టం ఏ పాటి దెబ్బకు వంగుతుందో చేసినవాడు కూడా చెప్పలేడు. పెట్రోలు ట్యాంకు ఎక్కడికి జరిపారో, బ్రేకు గొట్టాన్ని ఏ మలుపు తిప్పారో పైతొడుగు ఊడదీస్తే గాని తెలియదు. ఒకనాడు అది రోడ్డు దాటుతున్న ఒక మనిషిని ఢీకొన్నదనుకుందాం. భీమా సంస్థ మొట్టమొదట అడిగే ప్రశ్న లింబాయత్ అన్న అడిగిన ప్రశ్నే: ‘మేము భీమా చేసిన బండి ఇదేనా?’ కాదన్న జవాబు వస్తే పరిహారపు భారం యజమాని నెత్తిన పడవచ్చు. రెండున్నర లక్షల బండి ఒక కుటుంబాన్ని జీవితకాలం అప్పులపాలు చేయగలదు.

ఆ రాత్రి భోజనాల వద్ద తమ్ముడు ఎక్కువగా మాట్లాడలేదు. మరునాడు బయానా ఇవ్వలేదని మాత్రం తెలిసింది.

సక్రమమైన దారి ఒకటి ఉన్నది

ఇంత మాత్రాన పందెపు రూపం గల బండి మన దేశంలో ఎన్నడూ సక్రమంగా రోడ్డెక్కలేదని అనుకోరాదు. సూరత్ నుంచి దక్షిణంగా ముంబయి దాటి అలీబాగ్ వైపు వెళితే, అక్కడ చింకారా మోటార్స్ అనే చిన్న సంస్థ లోటస్ సెవెన్ పోలికతో చింకారా రోడ్‌స్టర్ అనే కారును తయారు చేసింది. తేలికైన చట్రం, ఫైబరు పైతొడుగు, ఒకప్పుడు అంబాసిడరు, కాంటెస్సా కార్లలో వాడిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజను. చింకారా అంటే పశ్చిమ భారతపు ఎడారులలో పరుగెత్తే చిన్న జింక, పేరు తగినదే. అంతకు ముందు 1990ల చివర గోవాలో సాన్ మోటార్స్ అనే సంస్థ సాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల ఫైబరు కారును విడుదల చేసింది. దాని ఇంజను ఫ్రాన్స్‌కు చెందిన రెనోది. ఇవి లెక్కకు కొద్ది బండ్లే అయినా, తయారీదారు పేరుతో, నమూనా పేరుతో రిజిస్టరయిన కార్లు. చేతులు మారి అమ్మకానికి వచ్చే ఇటువంటి బండిని వెదికి కొనడమే సూరత్ యువకుని ముందున్న నికరమైన దారి.

కొనదలచినవారు మొదట చూడవలసినది రంగు కాదు, కాగితం. రిజిస్ట్రేషన్ పత్రంలో తయారీదారు, నమూనా, పైభాగపు రకం అన్న మూడు గళ్ళు కళ్ళ ముందరి బండికి సరిపోవాలి. చాసిస్ నంబరును ఫోనులో చూస్తే చాలదు; వంగి చట్రం మీద చెక్కిన అంకెలను స్వయంగా చదవాలి. వెల్డింగు మచ్చ మధ్యన నంబరు కనిపిస్తే అక్కడితో బేరం ముగించడం మేలు. బండి మహారాష్ట్రదో గోవాదో అయితే అక్కడి రవాణా కార్యాలయం నుంచి 28వ ఫారంపై నిరభ్యంతర పత్రం, యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు, బ్యాంకు అప్పు తీరిపోయి ఉంటే దానికి 35వ ఫారం కావాలి. పన్నెండు నెలలకు మించి గుజరాత్‌లో ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్ను కట్టాలి. సూరత్ నంబరు జి.జె.-05తో మొదలవుతుంది. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు చెల్లుతుంది. ఆ గడువు దాటిన బండికి యోగ్యతా పరీక్ష చేయించి అయిదేళ్ళకొకసారి పునరుద్ధరించుకోవాలి. ఈ తరహా కార్లలో చాలావరకు ఆ గడువు దాటినవో దాటబోతున్నవో అయి ఉంటాయి గనుక, ఆ ఖర్చును ముందే వెలలో లెక్కించుకోవాలి.

కాగితం తరువాత ఇనుము. అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. ఇసుజు ఇంజను భాగాలను పాత సామానుల అంగళ్ళలో వెదకవలసి వస్తుంది. ఫైబరు తుప్పు పట్టదు గాని దాని కింది గొట్టాల చట్రం పడుతుంది. సముద్రపు గాలి తగిలిన బండి అయితే చట్రం అడుగును దీపం పట్టుకొని పరిశీలించాలి. నేలకు బెత్తెడుకు కాస్త ఎక్కువ ఎత్తున నడిచే బండికి సూరత్ వర్షాకాలం అగ్నిపరీక్ష. 2006 ఆగస్టులో తపతి పొంగి నగరాన్ని ముంచెత్తిన సంగతి ఇక్కడివారు మరచిపోలేదు. అంత పెద్ద వరద రాకపోయినా, ఊరి మధ్య పారే ఖాడీలు పొంగిన రోజున పర్వత్ పాటియా వీధులలో మోకాలి లోతు నీరు నిలుస్తుంది. తలుపులు లేని కారుకు ఆ రోజున ఇంట్లోనే విశ్రాంతి.

ఒక్క బండికి ఒక్క తలుపు

బ్రిటన్‌లో మాత్రం షెడ్డులో చేసుకున్న కారు రోడ్డెక్కగలుగుతున్నది. అక్కడ చట్టం లేక కాదు. ఆ చట్టానికి మరొక తలుపు ఉండటం వల్ల. విడిగా తయారైన ఒక్క బండిని ఒక్కటిగానే పరీక్షించే విధానం అక్కడ ఉన్నది. యజమాని తన కారును పరీక్షా కేంద్రానికి తీసుకువెళితే, అధికారి బ్రేకుల పట్టు, దీపాల కోణం, పదునైన అంచులు, సీటు బెల్టు బిగింపు, శబ్దం, పొగ వరుసగా చూస్తాడు. తప్పితే కారణాలు రాసి ఇస్తాడు; సరిచేసుకొని మళ్ళీ రావచ్చు. ఏ కారు భాగాల నుంచి పుట్టినదో తేల్చలేని బండికి ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. ఆ అక్షరాన్ని చూడగానే అది సంకర జాతి బండి అని కొనేవాడికీ, పోలీసుకూ, భీమా సంస్థకూ తెలిసిపోతుంది. అమెరికా మరొక మార్గం ఎంచుకున్నది. పాతికేళ్ళు దాటిన పాత కార్ల పోలికలో తయారు చేసే చిన్న సంస్థలకు ఏడాదికి 325 బండ్ల వరకు కొన్ని భద్రతా నియమాల నుంచి సడలింపు ఇస్తూ 2015లో చట్టం చేసింది. కిట్ కార్లకు ఆ దేశాలలో నిలువ నీడ దొరికినది ఈ చిన్న తలుపుల వల్లనే.

మన చట్టానికి తలుపులు తెరవడం తెలియనిది కాదు. ఆమోదం పొందిన పరికరాలతో పెట్రోలు కారును గ్యాస్ కారుగా మార్చుకోనిచ్చింది. పాత కారులో విద్యుత్ మోటారు అమర్చడానికి ప్రమాణాలు ఏర్పరచింది. దివ్యాంగులు తమకు అనువుగా బండి మార్చుకొనే వీలు కల్పించింది. యాభై ఏళ్ళు దాటిన పాతకాలపు కార్లకు 2021లో ప్రత్యేక నంబరు వరుసను కేటాయించింది. చేతితో చేసిన ఒక్క బండికి మాత్రం ఇంకా తలుపు తెరుచుకోలేదు.

అందువల్ల పోయేది ఏమిటి? మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే గ్రామపు లోహపు పనివాడు ఒకడు తుక్కు ఇనుముతో తయారు చేసిన, కాలితో తన్ని స్టార్టు చేసే బుల్లి జీపు 2021 డిసెంబరులో వెలుగులోకి వచ్చింది. పారిశ్రామికవేత్త ఆనంద్ మహీంద్రా ఆ పనితనాన్ని బహిరంగంగా మెచ్చుకుంటూనే, నియమాలకు సరిపడదు గనుక దానిని అధికారులు ఎప్పుడో ఒకప్పుడు ఆపక తప్పదన్నారు. మరుసటి నెలలో దానికి బదులుగా అతనికి కొత్త బొలేరో ఇచ్చి, ఆ జీపును తమ పరిశోధన కేంద్రానికి తీసుకువెళ్ళారు. ఆ కథ సుఖాంతమే. అయితే చేతితో చేసిన బండికి చివరికి దక్కినది ప్రదర్శనశాల, రోడ్డు కాదు. మన హైదరాబాదు బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో వంకాయ, బూటు, క్రికెట్ బ్యాటు ఆకారాలలో తయారైన కార్లు ఉన్నాయి. పాత సామానుతో ఒక్క మనిషి పట్టుదల మీద రూపొందిన ఆ కార్లు నడవగలవు. వాటి స్థానం కూడా ప్రదర్శనశాలే. సూరత్‌లో 1961లో స్థాపితమై, నేడు జాతీయ సాంకేతిక సంస్థగా వెలుగుతున్న సర్దార్ వల్లభ్‌భాయ్ కళాశాల విద్యార్థులూ పోటీల కోసం పందెపు కార్లు తయారు చేస్తారు. పోటీ ముగిసిన తరువాత ఆ కారుకు ఆవరణ గేటు దాటి రోడ్డెక్కే హక్కు ఉండదు.

లింబాయత్ తమ్ముడు కోరినది విలాసమని కొట్టివేయడం తేలిక. కాని అతనికి కావలసినది పరుగు ఒక్కటే కాదు. రోజంతా పరుల యంత్రాలు బాగుచేసే చేతులతో తనకంటూ ఒక యంత్రం కావాలన్న కోరిక అది. అటువంటి చేతులు ఈ ఊరి సందుసందునా ఉన్నాయి. సక్రమమైన పరీక్షకు దారి లేనప్పుడు, ఆ నైపుణ్యం తెల్ల బండి కాగితం చాటున ఎర్ర బండిగా దొంగదారిన నడుస్తున్నది. కొన్నవాడు మోసపోతున్నాడు, రోడ్డు మీది వాడు ప్రమాదంలో పడుతున్నాడు, చేసినవాడు తన పేరు చెప్పుకోలేకపోతున్నాడు. తలుపు మూసినంత మాత్రాన బండి ఆగలేదు. దాని బ్రేకులు మాత్రం ఎవరూ పరీక్షించడం లేదు.

ఈ ఊరికే చెందిన ఒక పాత సంగతి ఇక్కడ స్మరించదగినది. సూరత్ ఒకప్పుడు ఓడల తయారీకి ప్రసిద్ధి. ఇక్కడి రేవులో పనిచేసిన లావ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా అనే పారసీ ఓడ వడ్రంగిని ఈస్టిండియా కంపెనీవారు 1736లో బొంబాయికి తీసుకువెళ్ళారు. ఆ వంశంవారు తరతరాలుగా టేకుతో ఓడలు కట్టారు. వారు 1817లో బొంబాయిలో నీట దించిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో నేటికీ తేలుతూ ఉన్నది. ఆ ఓడలు కర్మాగారంలో అచ్చు పోసినవి కావు. ప్రతి ఓడనూ విడిగా కట్టారు. పలక పలకనూ విడిగా చూసి, బాగుంటేనే సముద్రానికి అప్పగించారు. ఒక్క వస్తువును ఒక్కటిగా పరీక్షించి నమ్మడం ఈ తీరానికి కొత్త విద్య కాదు. రోడ్డుకు కూడా ఆ విద్య వచ్చిననాడు సూరత్ సందులో బిగించిన ఎర్రని కారు తన సొంత పేరుతో, తన సొంత కాగితంతో డ్యూమస్ రోడ్డు ఎక్కగలదు. అంతవరకు కొనేవారికి లింబాయత్ మెకానిక్ అడిగిన ప్రశ్నే రక్ష: కాయితంలో ఉన్న బండేది, ఇక్కడున్న బండేది?